సాని పాస్ ఎక్కి కొండమీది లాడ్జికి: అమ్మానాన్నలతో సొంతంగా డ్రైవ్ చేసుకుని వెళ్లొచ్చా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: ఆఫీసు పని మీద జోహన్నెస్‌బర్గ్‌లో ఉన్నారు, మీ ఆవిడ, ఏడేళ్ల పాప మీతోనే ఉన్నారు, హైదరాబాద్ నుంచి అమ్మానాన్నలు వస్తున్నారు. అందరూ కలిసి డ్రాకెన్స్‌బర్గ్ కొండల్లో సాని పాస్ అనే కనుమదారి ఎక్కి, పైన లెసోతో దేశంలో కొండ అంచు మీదున్న లాడ్జిలో రెండు రాత్రులు ఉండాలని ప్లాన్. శ్రీశైలం, మారేడుమిల్లి, అరకు ఘాట్‌లలో బాగా నడిపిన అనుభవం ఉంది కాబట్టి ఒక ఎస్‌యూవీ అద్దెకు తీసుకుని నేనే నడపొచ్చా అని అడిగారు.

సూటిగా చెప్తా: తప్పకుండా వెళ్లండి, కానీ ఆ పాస్ మీద స్టీరింగ్ మీరు పట్టుకోకండి. కొండ కింది ఊళ్లు అండర్‌బర్గ్‌లోనో హిమ్‌విల్‌లోనో మీ కారు పెట్టేసి, అక్కడి టూర్ వాళ్ల ఫోర్ బై ఫోర్‌లో, అంటే నాలుగు చక్రాలకూ పవర్ అందే బండిలో గానీ, లాడ్జి వాళ్లు ఏర్పాటు చేసే బండిలో గానీ పైకి వెళ్లండి. లేదూ నేనే నడపాలి అంటే రెండో దారి ఉంది, లెసోతో లోపలి నుంచి, అంటే కొండ వెనకవైపు నుంచి తారు రోడ్డు మీద అదే లాడ్జికి చేరొచ్చు. దాని గురించి కింద రాస్తా, చాలామందికి ఆ సంగతి తెలియదు.

ఈ దేశానికి వచ్చి చాలా ఏళ్లయింది. సొంత బండి ఉంది, పికప్, ఇక్కడ దాన్ని బకీ అంటారు, అందులో ఏటా ఆ కొండ ఎక్కి దిగుతుంటాను. ఊరి నుంచి చుట్టాలొచ్చినప్పుడల్లా ‘సాని పాస్ తీసుకెళ్లవా’ అని మొదలుపెడతారు. అందుకే ఈ ప్రశ్న నాకు కొత్త కాదు, జవాబు కొంచెం పెద్దదవుతుంది, ఓపిగ్గా చదవండి.

మీ ఘాట్ అనుభవం గురించి నాకేమీ అనుమానం లేదు. మన ఘాట్‌లలో ఎదురుగా లారీ, పక్కన ఆర్టీసీ బస్సు, మధ్యలోంచి బైకు, ఇవన్నీ తట్టుకుని నడిపినవాడికి మలుపులు భయపెట్టవు. పైగా ఇక్కడా మనలాగే ఎడమవైపు డ్రైవింగ్, స్టీరింగ్ కుడివైపే. కానీ సాని పాస్‌లో మలుపుల సంఖ్య సమస్య కాదు. కింద సౌతాఫ్రికా సరిహద్దు పోస్టు నుంచి పైన లెసోతో సరిహద్దు పోస్టు దాకా ఎనిమిది కిలోమీటర్ల చిల్లర దారి, దానికి ముప్పావు గంట నుంచి గంట పడుతుంది. కింది భాగంలో కాస్త మట్టి, వాగునీళ్లు, పైకి పోయేకొద్దీ వదులు రాళ్లు, వాన కోసిన గండ్లు, పలకరాయి. ఆఖరి వరస మలుపుల్లో బండి ముక్కు ఆకాశం వైపు లేచి, ఎదురుగా బానెట్ తప్ప దారి కనబడదు. అదే సమయంలో వెనక చక్రం ఒకటి రాయి మీద గాల్లో తిరుగుతుంటుంది. తారు మీద మీరు నేర్చుకున్న బ్రేకు, క్లచ్ లెక్కలు అక్కడ పనికిరావు, కొత్తగా నేర్చుకోవాలి. నేర్చుకోవడానికి అమ్మానాన్నలూ పాపా వెనక సీట్లో ఉన్న రోజు సరైన రోజు కాదు, అంతే నా మాట.

ఇప్పుడు బండి సంగతి. మీరు ‘ఎస్‌యూవీ’ అని రాశారు. సౌతాఫ్రికా పోస్టులో ఎస్‌యూవీ అనే మాటకు విలువ లేదు. ఫోర్ బై ఫోర్ అయితేనే పైకి పంపుతారు, ఇది నియమం. ఎత్తుగా ఉంది కదా, పెద్ద టైర్లు ఉన్నాయి కదా అంటే కుదరదు. ఇక్కడ అద్దె కంపెనీల దగ్గర దొరికే ఫార్చ్యూనర్లు, హైలక్స్‌లలో చాలావరకు చూడ్డానికి అచ్చం అలాగే ఉండి టూ బై ఫోర్‌వే ఉంటాయి, వెనక చక్రాలకే పవర్. డస్టర్ లాంటివి ముందు చక్రాలతో నడిచేవి. ఒకసారి నా ముందు వరసలో ఒక కుటుంబం తెల్ల ఎస్‌యూవీతో నిలబడింది, కొత్త బండి, తళతళలాడుతోంది. పోస్టులో ఉన్న పోలీసాయన ఏమీ మాట్లాడకుండా మొదట వెనక డోరు మీద ఫోర్ బై ఫోర్ బ్యాడ్జి ఉందేమో చూశాడు, లేదు. తర్వాత డ్రైవర్ వైపు తలుపు తీసి గేర్ లివర్ పక్కన లో రేంజ్ (బండిని నిదానంగా, ఎక్కువ బలంతో లాగే అదనపు గేర్లు) లివరో నాబో ఉందేమోనని వెతికాడు. అదీ లేదు. ఆఖరికి టోపీ తీసి చేత్తో పట్టుకుని వంగి బండి కింద వెనక ఇరుసు వైపు చూసి, లేచి మోకాళ్ల మట్టి దులుపుకుని, నవ్వుతూ వెనక్కి తిప్పుకోమని చెయ్యి చూపించాడు. అద్దె కౌంటర్‌లో మాత్రం వాళ్లకు ‘ఇది సానికి వెళ్తుంది’ అని చెప్పారట. ఆ కంపెనీ పేరు ఎందుకులెండి, కౌంటర్‌లో కూర్చున్న కుర్రాడు జన్మలో ఆ కొండ చూసి ఉండడు.

కాబట్టి బుక్ చేసేటప్పుడు అడగాల్సిన ప్రశ్న ‘ఎస్‌యూవీ ఉందా’ అని కాదు. ఫోర్ బై ఫోర్, లో రేంజ్ గేర్‌బాక్స్ ఉన్నది అని కాగితం మీద రాసి ఇస్తారా, ఇచ్చిన రోజు ‘అదే కేటగిరీలో ఇంకోటి’ అని మార్చకుండా ఉంటారా, అదీ అడగాలి. ‘ఆర్ సిమిలర్’ (లేదా అలాంటిదే) అనే రెండు మాటలు బుకింగ్‌లో కనబడితే ఆ బుకింగ్ మీద సాని ప్లాన్ కట్టకండి.

ఇన్సూరెన్స్ ఇంకో తలనొప్పి. చాలా అద్దె ఒప్పందాల్లో టైర్లు, అద్దాలు, బండి అడుగుభాగం కవర్ కావు, కంకర రోడ్డు మీద జరిగినవాటికి వేరే షరతులుంటాయి, కొన్ని ఒప్పందాల్లోనైతే సాని పాస్ అని పేరు పెట్టి మరీ నిషేధిస్తారు. సాని మీద ముందుగా దెబ్బతినేవి ఏమిటంటే, టైరు గోడలు, అడుగుభాగం. అంటే మీరు డబ్బు కట్టి కొనుక్కున్న కవర్ మీకు అవసరమైన చోటే ఉండదన్నమాట. ఒప్పందం మొత్తం చదవండి, సన్న అక్షరాలు కూడా. చదివాక మీకే నా సలహా నచ్చుతుంది.

కాగితాలు. కుటుంబాలు ఎక్కువగా ఇరుక్కునేది ఇక్కడే, కొండ మీద కాదు.

లెసోతో వేరే దేశం. చుట్టూ నాలుగు వైపులా సౌతాఫ్రికానే ఉన్నా సరే, లాడ్జి గేటు ముందే ఇమిగ్రేషన్ ఉన్నా సరే, మధ్యాహ్నం భోంచేసి దిగిపోయేవాళ్లు కూడా రెండు పోస్టుల్లోనూ స్టాంపులు వేయించుకోవాల్సిందే. మీరు పని వీసా మీద ఉన్నారు, మీకు సాధారణంగా ఇబ్బంది ఉండదు. అమ్మానాన్నల విజిటర్ వీసా తీసి చూడండి. అందులో సింగిల్ ఎంట్రీ అని ఉంటే వాళ్లు లెసోతోలోకి అడుగుపెట్టిన క్షణం ఆ వీసా అయిపోయినట్టే, తిరిగి సౌతాఫ్రికాలోకి రావడానికి మళ్లీ వీసా కావాలి. పైన కొండ మీద మూడు గుడిసెలూ ఒక పబ్బూ ఉన్నచోట వీసా ఎవరిస్తారు? నాకు తెలిసిన ఒకాయన ఇంట్లో సరిగ్గా ఇదే జరగబోయింది, ముందురోజు రాత్రి హిమ్‌విల్‌లో పాస్‌పోర్టులు సర్దుతుంటే కోడలు గమనించింది కాబట్టి పెద్దవాళ్లిద్దరూ కిందనే తోటలో కూర్చుని టీ తాగారు, మిగతావాళ్లు ఎక్కొచ్చారు. వీసాకి ఇంకా అప్లై చేయకపోతే మల్టిపుల్ ఎంట్రీ అడిగి, ఎందుకో కవరింగ్ లెటర్‌లో రాసి, లాడ్జి బుకింగ్ కూడా జతచేయండి.

భారత పాస్‌పోర్టుకు లెసోతో వైపు ఏ అనుమతి కావాలన్నది ప్రయాణానికి ముందు వాళ్ల హైకమిషన్‌లోనే అడగండి, ఫోరమ్‌లో రెండేళ్ల కిందటి జవాబు పట్టుకుని వెళ్లకండి, నాది కూడా. పాపకు అమ్మానాన్నల పేర్లున్న బర్త్ సర్టిఫికెట్ ఇంగ్లీషు కాపీ దగ్గరుంచుకోండి. అక్కచెల్లెళ్ల పిల్లల్నో అన్నదమ్ముల పిల్లల్నో వెంట తీసుకెళ్లే ఆలోచన ఉంటే ఆ పిల్లల తల్లిదండ్రుల అంగీకార పత్రం లేకుండా బయల్దేరకండి.

అద్దె కారు లెసోతోలోకి తీసుకెళ్లాలంటే కంపెనీ నుంచి సరిహద్దు దాటే అనుమతి లేఖ ఉండాలి, బండి నంబరుతో సహా. దానికి విడిగా ఫీజు తీసుకుంటారు, ముందే చెప్పాలి, కౌంటర్‌లో అప్పటికప్పుడు అడిగితే ఇవ్వకపోవచ్చు. మీ డ్రైవింగ్ లైసెన్సు ఇంగ్లీషులో, ఫొటోతో ఉంటే సరిపోతుంది గానీ ఇంటర్నేషనల్ పర్మిట్ కూడా తెచ్చుకుంటే అద్దె కౌంటర్‌లో వాదన తప్పుతుంది.

ఇంకోటి, అమ్మానాన్నలు ఏ దారిన వస్తున్నారు? అడిస్ అబాబా మీదుగానో నైరోబీ మీదుగానో అయితే, ఆ ఎయిర్‌పోర్టులో 12 గంటలకు మించి ఆగితే సౌతాఫ్రికాలో ఎల్లో ఫీవర్ టీకా సర్టిఫికెట్ అడుగుతారు. టికెట్ చవగ్గా వస్తుందని పొడుగాటి లేఓవర్ తీసుకోకండి.

టైము. సాని పాస్ పోస్టులు ఉదయం 6 నుంచి సాయంత్రం 6 దాకా. రెండు పోస్టులకు మధ్య గంట దారి ఉందన్నది ఇందులో కలుపుకోవాలి. కింద అయిదింటికి స్టాంపు వేయించుకుని బయల్దేరి, మధ్యలో ఏదైనా బండి అడ్డం నిలబడితే, పైకి చేరేసరికి గేటు మూసి ఉంటుంది. పొద్దున్నే ఎక్కాలనడానికి ఇంకో కారణం వాన. ఇక్కడ నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా వేసవి, మధ్యాహ్నం దాటాక ఆ కొండల్లో ఉరుములతో వాన కొట్టడం దాదాపు రోజూ ఉండే తంతు. పన్నెండింటి లోపు పైకి చేరేలా చూసుకోండి. పొద్దున పొడిగా ఉన్న వాగు సాయంత్రం దిగేటప్పటికి బోనెట్ తడుపుతుంది.

జూన్ నుంచి ఆగస్టు చలికాలం, మంచు పడుతుంది, ఒక్కోసారి పాస్ మూసేస్తారు. మనవాళ్లకు తట్టని సంగతి ఒకటుంది. మన దగ్గర ఎండ పడని వైపు ఉత్తరం వైపు. భూమధ్యరేఖకు కింద ఇది తిరగబడుతుంది, ఇక్కడ దక్షిణం వైపు వాలు మీద చలికాలంలో ఎండ పొడ తగలదు. పైన కొన్ని మలుపులు అలాంటి నీడలోనే ఉంటాయి, ఆకాశం నీలంగా మెరుస్తున్నా రాత్రి గడ్డకట్టిన నీళ్లు మధ్యాహ్నం దాకా గాజు పలకలా ఉంటాయి. అక్కడి డ్రైవర్లు ఆ మలుపుకు ఐస్ కార్నర్ అని పేరే పెట్టేశారు. మంచు చూడాలని పాపకు సరదా ఉంటే చలికాలంలో వెళ్లండి, కానీ అప్పుడైతే సొంత డ్రైవింగ్ మాటే వద్దు.

ఇంతకీ ఆ దారి అలా ఎందుకుందంటే, అది బండ్ల కోసం వేసిన దారి కాదు. లెసోతో కొండల్లోని ఉన్ని కిందికి, మొక్కజొన్నపిండి, ఉప్పు పైకి గాడిదలూ గుర్రాలూ మోసిన బాట. 1948లో ఒక జీపు తాళ్లతో, మనుషుల సాయంతో మొదటిసారి ఎక్కింది. 1950ల్లో అక్కడ సరుకు రవాణాకు ఒక కంపెనీ పెట్టారు. ఇప్పుడు కూడా మీరు ఎక్కుతుంటే ఎదురుగా ఫోర్ బై ఫోర్ టొయోటా వ్యాన్ టాక్సీ దిగుతూ కనిపిస్తుంది, పైన పరుపులు, ప్లాస్టిక్ కుర్చీలు, లోపల దుప్పట్లు కప్పుకున్న పదిహేనుమంది. దాన్ని నడిపేవాణ్ణి చూడండి. రోజూ ఆ దారే, ఏ రాయి ఎక్కడుందో వాడికి తెలుసు. టూర్ వాళ్ల డ్రైవర్లు కూడా అంతే. మీరు ఒక్కరోజు కోసం వాళ్లతో పోటీపడటం దేనికి?

సరే, ఇన్ని చెప్పినా ‘లేదన్నా, నేనే నడుపుతా’ అంటారని తెలుసు, నేనూ మీ వయసులో ఉన్నప్పుడు అలాగే అనేవాణ్ణి. అలాగైతే పెద్దవాళ్లనీ పాపనీ టూర్ బండిలో ఎక్కించి, వాళ్ల వెనకే మీరు, మీ ఆవిడ రండి. ఈ కొన్ని మాటలు మాత్రం గుర్తుపెట్టుకోండి.

అండర్‌బర్గ్‌లో ట్యాంక్ నింపుకోండి, టైర్లలో గాలి మామూలు కంటే అయిదో వంతు తగ్గించుకోండి, దిగాక మళ్లీ కొట్టించుకోవాలి. పోస్టు దాటగానే లో రేంజ్ వేసేయండి, కష్టమొచ్చినప్పుడు వేద్దాం అనుకుంటే అప్పటికే మలుపులో సగంలో ఉంటారు. రెండో గేరులో నిదానంగా, మలుపు ముందు ఒకటో గేరుకి వచ్చి, మలుపులో ఆగకుండా తిప్పేయాలి. ఎక్కే బండికే దారి, దిగేవాడు ఆగాలి. దిగేటప్పుడు కూడా లో రేంజ్, ఒకటో గేరు, ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. క్లచ్ తొక్కారంటే ఆ పట్టు పోయి బండి జారుతుంది. ఆటోమేటిక్ అయితే మాన్యువల్ మోడ్‌లో ఒకటి మీద పెట్టండి. బ్రేకు కాలిన వాసన వస్తే వెడల్పున్నచోట ఆపి, చల్లారాక కదలండి, నీళ్లు పోయకండి. బకీ అయితే వెనక ఖాళీగా ఉంటే చక్రం ఎగురుతుంది, సామాన్లు వెనక ఇరుసు మీదికి వచ్చేలా సర్దుకోండి.

ఇప్పుడు వెనక దారి. నాకు ఎక్కువ నచ్చిందీ, మీలాంటి కుటుంబానికి సరిపోయేదీ నిజానికి ఇదే, రోజులు ఉంటే. జోహన్నెస్‌బర్గ్ నుంచి దక్షిణంగా క్లారెన్స్ అనే చిన్న ఊరికి రండి, చాలా ముచ్చటైన ఊరు, రాత్రి అక్కడ పడుకోండి. మర్నాడు కాలెడాన్స్‌పూర్ట్ దగ్గర సరిహద్దు దాటి బూతా-బూతే, అక్కడి నుంచి మోటెంగ్ పాస్ ఎక్కాలి, 2,820 మీటర్లు. ఆ పైన ఆక్స్‌బో, స్కీయింగ్ చేసే ఆఫ్రిస్కీ, లెట్సెంగ్ వజ్రాల గని, తర్వాత మొఖోట్లాంగ్ పట్నం, అక్కడి నుంచి సాని పాస్ నెత్తి మీదికి. మొత్తం తారు రోడ్డే. మంచి కండిషన్‌లో ఉన్న మామూలు కారు కూడా ఎండాకాలంలో వెళ్లిపోతుంది. గుంతలున్నాయి, గని లారీలున్నాయి, మలుపు తిరగ్గానే గొర్రెల మంద దారినిండా ఉంటుంది, కాబట్టి సాఫీ ప్రయాణం అనుకోకండి. కానీ ఇది మీకు అలవాటైన కష్టమే, మన ఘాట్ అనుభవం అక్కరకొచ్చేది ఇక్కడ.

లెట్సెంగ్ గని మూడు వేల మీటర్లు దాటిన ఎత్తులో ఉంది. అక్కడ 2006లో 603 క్యారెట్ల వజ్రం దొరికింది, లెసోతో ప్రామిస్ అని పేరు పెట్టారు. కొల్లూరు గని కోహినూరు కథలు వింటూ పెరిగినవాళ్లం కదా, మా నాన్నగారికి ఈ సంగతి చెబితే గని ఫెన్సింగ్ దాటేదాకా కారు కిటికీలోంచి తల తిప్పలేదు. లోపలికి వెళ్లనివ్వరనుకోండి.

ఈ దారిలో వెళ్తే మాత్రం మళ్లీ అదే దారిలో తిరిగి రావాలి. ‘పైకి వచ్చేశాం కదా, దిగడమే కదా’ అని మామూలు కారుతో సాని మీద కిందికి దిగుదామనుకోవద్దు, దిగేటప్పుడూ ఫోర్ బై ఫోర్ నియమమే. రాత్రి డ్రైవింగ్ అసలు వద్దు. లైట్లు లేని పశువులు, లైట్లు లేని బండ్లు, దుప్పటి కప్పుకుని నడిచే మనుషులు, చీకట్లో ఏదీ కనబడదు.

మొదటి దారిలో వెళ్లేట్టయితే, అంటే అండర్‌బర్గ్ వైపు, ఎన్3 హైవే మీద హ్యారీస్మిత్ దాటి వాన్ రీనెన్ పాస్ దిగి హావిక్ దాకా వచ్చి, అక్కడ ఆర్617 రోడ్డు పట్టుకోండి. బుల్వర్ మీదుగా అండర్‌బర్గ్. ఫోన్ మ్యాప్ దగ్గరి దారి అని నాటింగ్‌హామ్ రోడ్ వైపు పంపొచ్చు, ఆ ఊసెత్తకండి. వాన్ రీనెన్ దగ్గర పొగమంచూ లారీలూ ఎక్కువ. హావిక్ నుంచి కొంచెం పక్కకి పోతే పీటర్‌మారిట్జ్‌బర్గ్, 1893లో గాంధీని రైల్లోంచి దింపేసిన స్టేషన్ అక్కడే ఉంది, నాన్నగారికి ఆసక్తి ఉంటే తిరుగు ప్రయాణంలో ఒక గంట పెట్టుకోండి. కరివేపాకు, చింతపండు లాంటివి కూడా ఆ ఊళ్లోనే నింపుకోవచ్చు, ఈ నటాల్ ప్రాంతంలో చెరకు తోటల కాలం నుంచి మన దేశంవాళ్లు, అందులో తెలుగువాళ్లు, స్థిరపడి ఉన్నారు కాబట్టి ఆ సరుకులకు కొదవలేదు.

పెద్దవాళ్ల ఆరోగ్యం. లాడ్జి సుమారు 2,874 మీటర్ల ఎత్తులో ఉంది, ఊటీ దొడ్డబెట్ట కంటే ఎక్కువ. తలనొప్పి, నిద్ర సరిగ్గా పట్టకపోవడం, రెండు మెట్లెక్కితే ఆయాసం, ఇవి రావచ్చు. మీకు కలిసొచ్చే విషయం ఏమిటంటే జోహన్నెస్‌బర్గ్ కూడా 1,750 మీటర్ల ఎత్తులోనే ఉంది. అమ్మానాన్నలు దిగిన మర్నాడే కొండకు తీసుకెళ్లకుండా మీ ఇంట్లో ఒక వారం ఉంచండి, శరీరం సగం అలవాటు పడిపోతుంది. డర్బన్‌లో సముద్రం దగ్గర నాలుగు రోజులుండి అట్నుంచి అటే పైకి వెళ్లినవాళ్లే ఎక్కువ అవస్థ పడటం చూశాను. మా మావయ్య అలాగే వచ్చి, మొదటి రాత్రంతా తల పట్టుకుని కూర్చున్నారు, పొద్దున్నే కిందికి దింపేస్తే గంటలో మామూలు మనిషయ్యారు. ఎత్తుకు మందు దిగడమే, ఇది గుర్తుంచుకోండి. తలనొప్పి పెరుగుతూ వాంతులు, తూలడం కనిపిస్తే పొద్దున చూద్దాం అనుకోవద్దు, లాడ్జి వాళ్లకు వెంటనే చెప్పండి. బీపీ, గుండె మందులు వాడుతుంటే మీ డాక్టరుతో ఈ ఎత్తు సంఖ్య చెప్పి అడగండి, ‘కొండ ప్రాంతం’ అంటే ఆయనకు తిరుమల గుర్తొస్తుంది. పైన ఆసుపత్రి లేదు, దగ్గర్లో అంటే మొఖోట్లాంగ్ వెళ్లాలి. మోకాళ్ల నొప్పులున్న అమ్మగారికి ఆ గంటసేపు కుదుపులు కూడా తక్కువేం కాదు, ముందు సీటు ఆవిడకివ్వండి, నడుము వెనక దిండు పెట్టండి.

లాడ్జి గురించి పెద్ద ఆశలు పెట్టుకోకండి, అది హోటల్ కాదు. రాతి గోడలూ గడ్డి కప్పుతో గుండ్రటి గదులు, ఆఫ్రికాలో అన్నిటికంటే ఎత్తున ఉన్న పబ్ అని వాళ్లు బోర్డు పెట్టుకున్న చోట వెచ్చటి హాలు. కిటికీ దగ్గర కూర్చుంటే మీరు ఎక్కొచ్చిన దారి మొత్తం కాళ్ల కింద పాములా కనబడుతుంది, నాన్నగార్ల జాతి అంతా అక్కడ కుర్చీ వేసుకుని ఎక్కే బండ్లకు కామెంటరీ చెప్పడంలో పొద్దు గడిపేస్తారు. వెజిటేరియన్ అంటే సూప్, బ్రెడ్, చిప్స్ దగ్గర ఆగిపోవచ్చు, బుక్ చేసేటప్పుడే చెప్పండి. మేమైతే పులిహోర, కారప్పొడి, ఒక ఫ్లాస్కులో వేడినీళ్లు పట్టుకెళ్తాం. రాత్రి చలి వేసవిలో కూడా ఉంటుంది, పాపకు మంకీ క్యాప్ తప్పనిసరి.

డబ్బు సౌతాఫ్రికా ర్యాండ్‌లలో తీసుకెళ్లండి, లెసోతో కరెన్సీ లోటి, దానికి ర్యాండ్ సమానం, రెండూ చెల్లుతాయి. చిల్లర మాత్రం ర్యాండ్‌లలోనే అడగండి, లెసోతో నోట్లు కిందికి తెస్తే ఎవరూ తీసుకోరు. బసోతో, అంటే అక్కడి జనం, వాళ్ల పల్లెకు తీసుకెళ్తే కుండలో కాల్చిన రొట్టె పెడతారు, తినండి, చాలా బాగుంటుంది. పెద్దవాళ్లను పలకరించేటప్పుడు మగవాళ్లకు ‘దుమేలా న్తాతే’, ఆడవాళ్లకు ‘దుమేలా మ్మే’ అంటే మొహాలు విప్పారతాయి. గుర్రాల మీద వచ్చే కాపరి కుర్రాళ్ల ఫొటో తీయాలంటే ముందు అడగండి. రెండో రోజు ఖాళీగా ఉంటే తబానా న్ట్లెన్యానా శిఖరం ఉంది, 3,482 మీటర్లు, ఆఫ్రికా ఖండం దక్షిణ ప్రాంతం మొత్తంలో అదే అన్నిటికంటే ఎత్తైనది. రోజంతా నడక, గైడుతో వెళ్లాలి. మీ ఒక్కరికే, పెద్దవాళ్లకు కాదు.

మీరు ఏ నెలలో వెళ్తున్నారో, అమ్మానాన్నల వీసా ఎలాంటిదో రాయలేదు. ఆ రెండూ చెప్తే ఏ దారి మేలో, ఎక్కడ రాత్రి ఆగాలో రోజువారీగా రాసిస్తాను. అద్దె బండి ఇప్పటికే బుక్ చేసేసి ఉంటే దాని మోడల్ పూర్తి పేరు, ఇంజన్, గేర్‌బాక్స్ వివరాలతో సహా ఇక్కడ పెట్టండి, పోస్టులో పంపుతారో లేదో చెప్తాను.